కొట్టు మూసిన మూడు రోజులు

లిలోంగ్వే
1997 ఏప్రిల్ 6

ఎనెలేసి అక్కకు,

నీ మోకాలు ఎలా ఉంది? జవాబులో ముందు అదే రాయి. 'అందరూ బాగున్నారు' అని ఒక్క ముక్కలో దాటెయ్యకు. నీ సంగతి నాకు తెలియనిదా!

ఉద్యోగం దొరికింది అక్కా! నవంబరు దాకా కాంట్రాక్టు. ఆ తర్వాత పని చూసి పొడిగిస్తారట. చిన్న చిన్న వ్యాపారుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని, వ్యాపారం ఎలా నడుస్తోందో చూసి, ఎక్కడ చిల్లు పడిందో చెప్పాలి. అదే నా పని. వసారాలో మిషన్లు పెట్టుకున్న దర్జీలు, సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు, మందాసీ బూరెలు వేయించి అమ్మే ఆడవాళ్ళు, వీళ్ళే నా జనం. నిన్న ఒక మందాసీల ఆవిడను "రోజుకు ఎన్ని కట్టెలు కాలుస్తావమ్మా?" అని అడిగాను. "కట్టెలు కొనేది మా ఆయన కదా, అది నా వ్యాపారంలోకి ఎలా వస్తుంది?" అంది. ఆ ఖర్చు కూడా కలిపి చూస్తే ఆవిడ మూడేళ్ళుగా ఊరందరికీ ఊరికే పెడుతోంది! సంగతి చెప్పగానే పిండి చేతులతోనే నెత్తి పట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు, చదివించింది నీ కొట్టు. సబ్బుల అర కింద కూర్చునే కదా నేను ఎక్కాలు నేర్చుకున్నాను. ఆ చనువుతోనే చెబుతున్నాను, కోప్పడకు. నువ్వు వేసే కొసరు మానెయ్. చెంచా చక్కెర కొంటే చిటికెడు కొసరు, ఉప్పుకు కొసరు, ఎండు ఉసీపా చేపలకు గుప్పెడు కొసరు, పిల్లలొస్తే అరచేతిలో వేరుశనగలు. కూర్చుని లెక్క వేశాను. ఏడాదికి రెండు బస్తాల చక్కెరంత అవుతోంది. బావ పోయాక నీకు ఆ కొట్టు తప్ప వేరే ఆధారం లేదు. అది గట్టిగా నిలబడాలి.

దీంతో గీతల పుస్తకం ఒకటి పంపుతున్నాను. వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క. రోజూ రాయి.

నీ తియామికె

లికోమా
ఏప్రిల్ 24

ఓసి పంతులమ్మా,

మోకాలు అలాగే ఉంది, మెట్లు చూస్తే ఏడుస్తుంది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, కొట్టూ.

నీ ఉత్తరం మన దీవిలో ఓడ దిగిన పూటే చదివాను. ఉద్యోగం సంగతి విని ఎంత సంబరపడ్డానో! వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. చెప్పిన ప్రతివాళ్ళకీ కొసరు వేశాను. నీ మాట మర్నాటి నుంచి మొదలుపెట్టాను. మరేం చేయను, ఆ ఒక్క రోజుకు చేతులు రాలేదు.

మర్నాడు మొదట వచ్చింది ఎవరనుకున్నావు? ముసలమ్మ న్యాకౌంగా. చెంచా చక్కెర కొలిచి పొట్లం కట్టి ఇచ్చాను. చెయ్యి చాపుకుని అలాగే నిలబడింది. "ఇంక లేదు అవ్వా, కొసరు మానేశాను. తియా రాసింది" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఏమే ఎనెలేసీ, నీ మొగుడు సరస్సులో పోయిన రోజున నేను ఏడ్చిన ఏడుపు కొలిచే ఏడ్చానా?" అంది. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాకు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా వెయ్యలేదులే. నువ్వు చెప్పాక ఇంకేముంది.

నిన్న ఒక తమాషా జరిగింది. జ్వరం మాత్ర వేసుకుని పడుకుంటే పొద్దెక్కేదాకా మెలకువ రాలేదు. నలుగురు వచ్చి తలుపు బాదుతున్నారు. "చచ్చావా, బతికావా?" అని వలలు బాగుచేసే లుకా కిటికీలోంచి అరుస్తున్నాడు. మన ఊరి సంగతి నీకు తెలుసు కదా, పొయ్యి పొగ రాకపోయినా, పొద్దెక్కాక తలుపు మూసి ఉన్నా ఎవరూ ఊరుకోరు. "నిద్ర కూడా పోనివ్వరా?" అని తిట్టాను. తిట్టానే కానీ, కడుపు నిండినట్టు ఉంది. నీకు కాక ఎవరికి చెబుతాను. మీ బావ హెస్టన్ పోయాక ఇంట్లో నా గొంతు నాకే వినబడదు. కొట్టు తెరిస్తేనే మనిషి మాట చెవిన పడేది.

పుస్తకంలో రాస్తున్నాను. గీతలు మరీ దగ్గరగా ఉన్నాయి. ఈసారి ముసలివాళ్ళ కోసం చేసింది చూసి పంపు.

నీ అక్క

లిలోంగ్వే
మే 18

అక్కా,

నీ లెక్కలు చూశాను. ఎంత శుభ్రంగా రాశావో! మా ఆఫీసులో పెద్దాయన సిలుంగ్వే గారికి చూపించాను. "పెద్దగా బడికి పోని మనిషి ఇలా రాసిందా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ప్రతి నెలా పంపు, మరిచిపోకు.

న్యాకౌంగా అవ్వ మాటకు నేనూ నవ్వాను. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది, ఆ తర్వాత ఆవిడే వస్తుంది. చక్కెర ఇంకెక్కడ దొరుకుతుంది!

రెండు సంగతులు చెబుతాను. ఒకటి, ఆ బల్ల. కొట్టు ముందు బల్ల వేసి ఉంటే లుకా, అవ్వ, ఆ జనమంతా పొద్దస్తమానం దాని మీదే. కొనేవాళ్ళకు దారి ఉండదు. పైగా బస్తాలోంచి వేరుశనగలు ఒక్కొక్కటే నోట్లోకి పోతుంటాయి. నేను చూడలేదనుకోకు. బల్ల తీసెయ్. రెండోది సరుకు లెక్క. ఏది ఎంత ఉందో తెలియకుండా ఓడ మీద సరుకు తెప్పిస్తే ఉప్పు మిగిలిపోతుంది, సబ్బు అయిపోతుంది. నెలాఖరున రెండు రోజులు కొట్టు పూర్తిగా మూసి, అన్నీ దించి లెక్క చూసుకో. ఆదివారం ఎలాగూ మూతే. 'సరుకు లెక్క రోజులు, కొట్టు తెరవబడదు' అని బోర్డు రాయించి తగిలించు. తలుపు కొట్టినా పలకకు. ఒకసారి పలికావంటే ఇంక ప్రతి నెలా కొడతారు.

నాకిక్కడ ఊపిరాడే తీరిక లేదు. చుట్టూ ఎప్పుడూ జనమే. నా గురించి దిగులు పెట్టుకోకు.

తియామికె

లికోమా
జూన్ 9

తియా,

నువ్వు ఎలా ఉంటే నేనూ అలాగే ఉన్నాననుకో.

బల్ల అమ్మేశాను. జొహానెస్‌బర్గ్ గనుల్లో పనిచేసి వచ్చిన జకేయో లేడూ, వాడు రేవు పక్కన కొట్టు పెట్టాడు, పెద్ద రేడియో కూడా తెచ్చాడు. 'అక్కా, ఆ బల్ల నాకు ఇవ్వరాదా' అని అడిగితే ఇరవై క్వాచాలకు ఇచ్చేశాను. ఇరవై క్వాచాలూ పుస్తకంలో వచ్చిన పక్క రాశాను. రాసింది సరైన పక్కేనా? బల్ల పోయింది కదా, పోయిన పక్క కూడా రాయాలా? కాసేపు ఆలోచించి వదిలేశాను.

బోర్డు బడి మేష్టారితో రాయించాను. ఎర్ర పెయింటుతో రాశాడు. మొన్న మే నెలాఖరున తగిలించి తలుపేసుకుంటే మొదటి రోజు ముగ్గురు కొట్టారు. నువ్వు చెప్పినట్టే పలకలేదు. ఊపిరి బిగబట్టి సబ్బుల మధ్య దొంగలా కూర్చున్నాను. రెండో రోజు ఒక్కళ్ళే కొట్టారు. ఈ నెల ఎవరూ కొట్టరనుకుంటా.

కొట్టు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. వస్తారు, కొంటారు, పోతారు.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నా లెక్కలు మీ పెద్దాయనకు ఎందుకు? నీ ఉద్యోగం నా చక్కెర మీద గానీ ఆధారపడి ఉందా? ఉంటే ఉందని చెప్పు, ఇంకా జాగ్రత్తగా ఉంటాను. జూలైలో చేపలు బాగా పడతాయి, ఒక్క వారం రారాదూ? చంబో చేప కాల్చి పెడతాను. ఆ ఊళ్ళో ఏం తింటున్నావో ఏమో, ఒక్క ఉత్తరంలోనూ రాయవు.

నీ అక్క

లిలోంగ్వే
జూలై 6

అక్కా,

జూన్ లెక్కల్లో నాలుగు వందల పది క్వాచాలు మిగిలాయి! నాలుగు వందల పది! ఏప్రిల్‌లో ఎంత మిగిలిందో గుర్తుందా? తొంభై. కొట్టు నిశ్శబ్దంగా ఉందని రాశావు. మంచిదే అక్కా, మాటల్లో పడి చిల్లర తప్పుగా ఇచ్చే ప్రమాదం ఉండదు.

నీ చక్కెర మీద నా ఉద్యోగం లేదులే, పిచ్చిదానా. అయితే నీ లెక్కలు చూపించాక సిలుంగ్వే గారు నన్ను చూసే తీరు మారిందన్నది మాత్రం నిజం. ఆగస్టు ఆఖరున నలభై మంది చిన్న వ్యాపారులకు పెద్ద శిక్షణ ఉంది. అందులో నీ కొట్టు గురించి నేను చెప్పాలట. జూలై, ఆగస్టు లెక్కలు తప్పకుండా కావాలి.

జూలైలో రాలేను. కొత్త ఉద్యోగం, సెలవు అడిగితే బాగుండదు. డిసెంబరులో వస్తాను, నన్ను నమ్ము. తిండి సంగతి అడిగావు. బాగానే తింటున్నాను. ఇక్కడ అన్నీ దొరుకుతాయి.

తియామికె

లికోమా
ఆగస్టు 4

తియామికెకు,

నీకు కావలసినవి లెక్కలు కాబట్టి లెక్కలే పంపుతున్నాను.

జూలైలో వచ్చింది వెయ్యిన్నూట డెబ్భై. పోయింది ఏడు వందల ముప్ఫై అయిదు. మిగిలింది నాలుగు వందల ముప్ఫై అయిదు. ఉప్పు రెండు బస్తాలు, సబ్బు ఒక పెట్టె, కిరసనాయిలు సగం డబ్బా ఉన్నాయి.

బాగానే ఉన్నాను.

ఎనెలేసి

లిలోంగ్వే
ఆగస్టు 31

అక్కా, అక్కా, అక్కా!

ఆదివారం సాయంత్రం, రేపటి దాకా ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను. నిన్నటి శిక్షణలో నీ గురించి చెప్పాను. నువ్వే ఎదురుగా కూర్చున్నట్టు అనుకుని చెప్పుకుపోయాను. "మా అక్కకు సరస్సు మధ్యలో ఒక చిన్న కొట్టు. ఈ నిమిషంలో, నేను ఇక్కడ మాట్లాడుతుండగా, ఆమె కొట్టు మూసుకుని సరుకు లెక్క చూసుకుంటోంది. ప్రపంచం తలకిందులైనా తలుపు తీయదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక సైకిళ్ళ ఆయన లేచి "ఆ అమ్మకు మా దండాలు చెప్పండి" అన్నాడు. చెబుతున్నాను, అందుకో.

సిలుంగ్వే గారు నా కాంట్రాక్టు పొడిగింపు గురించి తనే ఎత్తారు. అక్టోబరు ఆఖరున పైనుంచి పెద్దవాళ్ళు వస్తారట. నేను చూసే కొట్లన్నీ వాళ్ళకు నేనే దగ్గరుండి చూపించాలట. ఆ పని బాగా జరిగిందంటే ఇంకో రెండేళ్ళు నాదే.

నీ పోయిన ఉత్తరం మరీ చిన్నగా ఉంది. పనిలో ఉన్నావనుకుంటాను. ఇదంతా నీ కష్టమే అక్కా.

నీ తియామికె

లికోమా
సెప్టెంబరు 8

తియా,

నీ ఉత్తరం చదివాను. దండాలు పెట్టిన ఆ సైకిళ్ళాయన చల్లగా ఉండాలి. నీ సంతోషం చూసి చెప్పకుండా ఉందామనుకున్నాను. మూడు కాగితాలు చించేశాను. చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలో తెలియక రాస్తున్నాను.

పోయిన నెల ఇరవై ఎనిమిది సాయంత్రం చలి మొదలైంది. మలేరియా అని తెలిసిపోయింది. బోర్డు అప్పటికే తగిలించి ఉంది, మర్నాడు లెక్క రోజు కదా. కొట్టు వెనక గదిలో చాప మీద పడ్డాను. శుక్రవారం లేవలేదు. శనివారం నీళ్ళ కుండ దాకా పాకి వెళ్ళాను. కుండ అడుగున ఉన్న నాలుగు గుక్కలు తాగి అక్కడే పడిపోయాను. ఆదివారం చర్చి గంట వినబడింది. 'చర్చి మహిళా సంఘం వరసలో నా తెల్ల బట్టలు కనబడకపోతే ఎవరో ఒకరు వస్తార్లే' అనుకున్నాను. ఎవరూ రాలేదు. గోడ అవతల మనుషులు నడిచిపోవడం వినబడుతూనే ఉంది. న్యాకౌంగా దగ్గు గుర్తుపట్టాను. పిలుద్దామంటే గొంతు లేదు. తలుపు దగ్గర ఆగింది కూడా. ఆగి, 'లెక్కలట, లెక్కలు' అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

తియా, చచ్చిపోతానన్న భయం కాదు. అది ఎలాగూ ఉంది. తలుపు అవతల అంతమంది ఉన్నారు, నేను లేనని ఒక్కళ్ళకీ తెలియదు. అది తట్టుకోలేకపోయాను. చిన్నపిల్లలా ఏడ్చాను.

సోమవారం జ్వరం తనంతట తనే కొంచెం దిగింది. గోడ పట్టుకుని రేవు దాకా నడిచి, జకేయో కొట్టు ముందు మన బల్ల మీద కూలబడ్డాను. అందరూ అక్కడే ఉన్నారు. లుకా నన్ను చూసి, "ఏం ఎనెలేసీ, ఇంత నీరసించావు? లెక్కలు అంత కష్టమా?" అని నవ్వాడు. "మూడు రోజులు మూసి ఉంటే లెక్క చూసుకుంటున్నావనుకున్నాం" అంది న్యాకౌంగా. నేనేమన్నానో తెలుసా? "అవును, లెక్కే చూసుకుంటున్నాను" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. వాళ్ళని ఏమని తిట్టను? తలుపు కొట్టద్దని నేర్పింది నేనే కదా.

బోర్డు పొయ్యిలో పెట్టాను. కొసరు మళ్ళీ మొదలుపెట్టాను. చెయ్యి చాపే అలవాటు వాళ్ళకి పోయింది, పొట్లం తీసుకుని వెళ్ళిపోతున్నారు. సాయంత్రం కొట్టు కట్టేసి నేనే వెళ్ళి జకేయో బల్ల మీద కూర్చుంటున్నాను. నాకు చోటిస్తారు. ఆ కొంచెం జరగడం కూడా ఎప్పుడో వచ్చిన చుట్టానికి జరిగినట్టు ఉంటుంది.

ఆగస్టు లెక్క అడుగున రాశాను. నీకు కావాలి కదా.

అక్క

లిలోంగ్వే
సెప్టెంబరు 21

అక్కా,

నీ ఉత్తరంలో అడుగున లెక్క ఉన్న ముక్క చింపేశాను. నాకు వద్దు. నువ్వు చాప మీద పడి ఉన్న నిమిషంలోనే నేను నలభై మంది ముందు 'తలుపు తీయదు' అని గొప్పగా చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు. నన్ను తిట్టు అక్కా. ఒక్క తిట్టు కూడా రాయలేదు నువ్వు, అదే భరించలేకుండా ఉంది.

నేనూ నీకు అబద్ధం చెప్పాను. చుట్టూ జనమే అన్నాను కదా. జనం ఉన్నమాట నిజమే. నా సైకిల్ చప్పుడు వినగానే మాటలు ఆపి పుస్తకాలు తీస్తారు. ఒక దర్జీ వసారాలో ఎప్పుడూ నవ్వులు వినిపిస్తుంటాయి. మలుపు తిరిగేదాకా వింటాను. నేను వెళ్ళేసరికి అందరూ తల దించుకుని కుడుతుంటారు. ఆరు నెలలుగా ఈ గదిలో ఉంటున్నాను, పక్కవాళ్ళ పేరు తెలియదు. ఏం తింటున్నానని అడిగావు. బస్టాండులో ఉడికించిన చిలగడదుంపలు, ఇంటికి తెచ్చుకుని నిలబడి తింటాను. కూర్చుని తినాలంటే ఎదురుగా మనిషి ఉండాలనిపిస్తుంది. నీకు ఏదో ఒకటి ఇవ్వాలని ఉండేది. సలహా తప్ప నా దగ్గర వేరే ఏమీ లేదు. అదే ఇస్తూ పోయాను.

ఇంక సలహాలు లేవు. ఒక్క ఏర్పాటు మాత్రం చేసుకుందాం. వారానికోసారి వచ్చే ప్రతి ఓడకూ ఒక ఉత్తరం పంపు. మర్నాడు బస్సులో నాకు చేరుతుంది. రెండు ముక్కలు రాసినా చాలు, ఖాళీ కాగితం పెట్టినా చాలు. ఏ ఓడకైనా ఉత్తరం రాకపోతే నేను బయల్దేరుతాను. ఏ పని ఉన్నా సరే, ఎవరు ఆపినా సరే. నీ తలుపు నేను కొడతాను.

నీ తియా

న్ఖాటా బే రేవు
అక్టోబరు 26

అక్కా,

ఈ ఉత్తరం నాకంటే ముందు నీకు చేరదు, నాతోనే వస్తుంది. రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

నాలుగు ఓడలకు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అయిదో ఓడకు రాలేదు. బస్సు డ్రైవరును అడిగాను, సంచి బోర్లించి చూపించాడు. పోస్టాఫీసులో అడిగాను. ఆ సాయంత్రమే సిలుంగ్వే గారి దగ్గరికి వెళ్ళాను. "ఎల్లుండి పెద్దవాళ్ళు వస్తుంటే ఇప్పుడు ఊరెళ్తావా? ఉత్తరం రాకపోతే ఊళ్ళు మునిగిపోతాయా?" అన్నారు. "మా అక్క ఉందో లేదో తెలియదు" అన్నాను. "వెళ్తే మళ్ళీ ఇటు రావద్దు" అన్నారు. సరేనన్నాను.

ఇక్కడ రెండు రోజులుగా ఓడ కోసం కూర్చున్నాను. ఉత్తరాల సంచి మోసే ఓడ గుమాస్తా రేవులో కనబడితే, "ఉత్తరం ఎక్కడ పారేశావురా?" అని నాలుగూ దులిపేశాను. వాడు పారేసి ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. వాడే పారేసి ఉండాలి.

ఉండు అక్కా. నేను వచ్చేదాకా ఉండు.

తియా

లికోమా
నవంబరు 16

తియా,

నీ ఉత్తరం అందింది. కాంట్రాక్టు పొడిగించలేదని రెండు ముక్కల్లో రాసి, 'పోనీలే అక్కా, గుమాస్తా పొరపాటుకు ఎవరేం చేస్తారు' అన్నావు. దర్జీ వసారాలోనే అద్దెకు కాస్త చోటు తీసుకుని, వాళ్ళ లెక్కలే చూసిపెడతానన్నావు. ఇప్పుడు వాళ్ళు నీ ముందే నవ్వుతున్నారని కూడా రాశావు. అది మాత్రం రెండుసార్లు చదివాను.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. గుమాస్తా ఏ పాపం ఎరగడు. మళ్ళీ వాడు కనబడితే నా తరఫున క్షమించమని అడుగు.

నాలుగు వారాలు నేను ఉత్తరాలు రాశాను, నువ్వు జవాబులు రాశావు. కాగితం వస్తోంది, మనిషి రావడం లేదు. అయిదో వారం కూడా రాశాను. ఓడ కూత వేస్తే రేవుకు తీసుకెళ్ళాను. గుమాస్తా చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. "ఈ వారం ఏమీ లేదు నాయనా" అని కవరు నడుం గుడ్డ చెంగులో ముడేసుకుని ఇంటికొచ్చేశాను. ఓడ కనబడినంతసేపూ గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు వస్తావో రావో చూడాలనిపించింది. నీ ఉద్యోగం పోతుందని నాకు తెలియదని అనుకోకు. అక్టోబరు ఆఖరున పెద్దవాళ్ళు వస్తారని నువ్వే రాశావు, నాకు గుర్తుంది. తెలిసే చేశాను తియా. నన్ను ఏమన్నా పడతాను.

ఆ వారమంతా ఎలా గడిచిందో నాకే తెలుసు. రాకూడదని కొంతసేపు, రావాలని కొంతసేపు దేవుడికి మొక్కాను. ఓడ ఆగింది. చిన్న పడవ ఒడ్డుకు చేరేదాకా కూడా ఆగలేక నువ్వు నీళ్ళలోకి దూకావు. నడుము దాకా తడిసి, చెప్పులు చేత్తో పట్టుకుని, 'అక్కా' అని అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చావు. ఊరంతా చూసింది. నా తలుపు తీసే ఉంది, అయినా నువ్వు రెండు చేతులతో బాదావు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నీ మొహం చూశాక నోరు రాలేదు. ఉత్తరం ఎక్కడో పడిపోయి ఉంటుందన్నాను. నువ్వు నమ్మి ఆ గుమాస్తాను మళ్ళీ తిట్టావు. ఉన్న వారం రోజులూ నా పక్కనే పడుకున్నావు. హెస్టన్ పోయాక ఆ వారమే నేను తెల్లారేదాకా నిద్రపోయాను.

ఆ ఉత్తరం దీంతో పాటే పెడుతున్నాను. కవరు నలిగింది కానీ విప్పలేదు. దాన్లో పెద్దగా ఏమీ లేదు. ఉప్పు వచ్చింది, చేపలు బాగా పడుతున్నాయి, నేను బాగున్నాను, నువ్వు రానక్కర్లేదు అని ఉంటుంది.

ఆ చివరి మాట రాశాకే ఇవ్వలేకపోయాను.

నీ అక్క
ఎనెలేసి